బైకు ఇంజిను కారులో పీడనం, ఉష్ణోగ్రత: సెన్సర్లు ఎక్కడ బిగించాలి, ఎలా చదవాలి

(ఆటోమొబైల్, ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. ఈ ఏడాది మీ జట్టు కడుతున్న పోటీ కారులో 373 సీసీ కేటీఎం ఇంజిను పెడుతున్నారని, దానికి ఏ సెన్సర్ ఎక్కడ బిగించాలన్న వాదన ఎంతకీ తెగడం లేదని మీ మాస్టారు నాకు రాశారు. నేను ఇంగ్లండులో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో ఇంటి గ్యారేజీలో ఒక కిట్ కారు కట్టుకున్నవాణ్ణి. ఆ కారులో ఉన్నది వెయ్యి సీసీ మోటార్‌సైకిల్ ఇంజిను. దానికి సెన్సర్లు బిగించడంలో చేసిన తప్పులు, వాటి నుంచి తెలుసుకున్న సంగతులు మీకు వివరంగా చెప్పాలని వచ్చాను.

కిట్ కారు అంటే విడిభాగాలుగా కొనుక్కుని ఇంట్లోనే బిగించుకునే కారు. ఇంగ్లండులో ఈ అలవాటు పాతదే. లోటస్ సంస్థ వ్యవస్థాపకుడు కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్ కారును అక్కడి ఔత్సాహికులు కిట్టుగా కొని ఇళ్ళలో కట్టుకునేవారు. 1973లో దాని హక్కులు కేటర్‌హామ్ సంస్థకు వెళ్ళాయి. ఆ ఆకారాన్నే ఆదర్శంగా పెట్టుకుని, చదరపు ఉక్కు గొట్టాలతో చట్రాన్ని సొంతంగా వెల్డింగ్ చేసుకునే లోకాస్ట్ కార్లు తరువాత వచ్చాయి. ప్రమాదంలో దెబ్బతిన్న బైకుల ఇంజిన్లు అక్కడ తేలిగ్గా దొరుకుతాయి. తక్కువ బరువు, నిమిషానికి 11,000 చుట్లు దాటే వేగం, గేర్‌బాక్సు ఇంజినులోనే కలిసి ఉండడం, ఇవన్నీ చూసి ఫైర్‌బ్లేడ్, ఆర్1, హయబూసా వంటి బైకుల ఇంజిన్లను ఈ తేలిక కార్లలో పెట్టడం మొదలైంది. అయితే ఆ ఇంజినును గీసిన ఇంజినీరు దాన్ని బైకు కోసమే గీశాడు. కారులోకి మార్చిన క్షణం నుంచి ఆయన ఊహించని పరిస్థితులు మొదలవుతాయి, ఆ పరిస్థితుల్లో లోపల ఏం జరుగుతోందో మనకు చెప్పేవి సెన్సర్లు మాత్రమే.

మొదట ఆయిల్ సంగతి చెబుతాను, ఎక్కువసేపు చెబుతాను. ఎందుకంటే ఈ ఇంజిన్లు చచ్చేది చాలాసార్లు అక్కడే. ఆర్టీసీ బస్సులో పులుసు గిన్నె ఒళ్ళో పెట్టుకుని ప్రయాణించినవారికి మలుపులో ఏం జరుగుతుందో తెలుసు. బస్సు కుడికి తిరిగితే పులుసు ఎడమ అంచుకు ఎక్కుతుంది. అదే గిన్నెను ఒక సంచిలో పెట్టి చేత్తో వేలాడదీసి పట్టుకుంటే, సంచి తనంతట తానే పక్కకు వాలుతుంది, పులుసు మాత్రం గిన్నె అడుగునే ఉంటుంది. బైకు ఆ సంచి లాంటిది. మలుపులో బైకు వాలుతుంది కనుక గురుత్వాకర్షణ, పక్క బలం కలిసిన మొత్తం బలం ఎప్పుడూ ఇంజిను అడుగువైపే పనిచేస్తుంది. కారు వాలదు. పక్క త్వరణం ఒక జీకి, అంటే గురుత్వ త్వరణమంతకు చేరితే, సంప్‌లోని (ఇంజిను అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని) ఆయిల్ ఉపరితలం 45 డిగ్రీలు ఏటవాలవుతుంది. పంపుకు ఆయిల్ అందించే పికప్ గొట్టం మూతి ఆ సమయంలో బయటపడితే, పంపు ఆయిల్‌కు బదులు గాలి పీలుస్తుంది.

సెవెన్ తరహా కారులో ఇంజినును ఎలా కూర్చోబెడతారో ఇక్కడ గమనించాలి. చాలా జపాను బైకుల్లో చెయిన్ స్ప్రాకెట్ ఇంజినుకు ఎడమ వైపున ఉంటుంది. కారులో ఆ చివర నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు (వెనుక చక్రాలకు శక్తి అందించే ఇరుసు) వెనక్కి పోవాలి కాబట్టి ఇంజినును 90 డిగ్రీలు తిప్పి పెడతారు. అప్పుడు బైకులో ముందుభాగంగా ఉన్నది కారులో ఎడమ పక్క అవుతుంది, సైలెన్సర్ గొట్టాలు కూడా ఆ పక్కకే వస్తాయి. అంటే కారు కుడికి తిరుగుతున్నంతసేపూ, ఇంజిను దృష్టిలో బైకు గట్టిగా బ్రేకు వేస్తున్నట్టే. ఎడమకు తిరుగుతున్నంతసేపూ బైకు దూసుకుపోతున్నట్టే. బైకు మీద గట్టి బ్రేకు కొన్ని సెకన్లే ఉంటుంది కాబట్టి ఆ మాత్రానికి సరిపోయేలా సంప్‌ను గీశారు. ఇంగ్లండులోని స్నెటర్టన్ ట్రాక్‌లో కోరమ్ అనే పొడవాటి కుడి మలుపు ఉంది. అలాంటి మలుపుల్లో ఆ స్థితి తెరిపి లేకుండా కొనసాగుతుంది. అందుకే ఈ కార్లలో సంప్‌కు అడ్డుతడికలు పెడతారు, లోతు తక్కువ వెడల్పు ఎక్కువ ఉన్న సంప్ చేయిస్తారు, స్తోమత ఉన్నవారు ఆయిల్‌ను వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంప్‌కు వెళతారు. ఈ ఏర్పాటు పనిచేస్తోందో లేదో తేల్చేది మాత్రం పీడన సెన్సరే.

మొదటి ఏడాది నా కారులో బైకుతో వచ్చిన ఎర్ర దీపం తప్ప మరేమీ లేదు. ఒక పొడవాటి కుడి మలుపులో ఆ దీపం రెండు మూడుసార్లు మిణుకుమంది. తీగ వదులైందనుకున్నాను. మరో మూడు చుట్లు తిరిగేసరికి ఇంజిను అడుగు నుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే కనెక్టింగ్ రాడ్డు బేరింగు షెల్లు రేకులా అరిగిపోయి, క్రాంకు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) నీలం రంగుకు తిరిగి ఉంది. ఆ దీపానికి వెనుక ఉండేది ఒక స్విచ్చు మాత్రమే. పీడనం దాదాపు సున్నాకు దిగితే తప్ప అది కలవదు. ఖాళీగా తిరుగుతున్న ఇంజినుకు చాలినంత పీడనం నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతున్న ఇంజినుకు చాలదు, కానీ ఆ స్విచ్చుకు ఈ రెండిటికీ తేడా తెలియదు. తొలి తరాల ఆర్1 ఇంజిన్లలోనైతే ఆ దీపం పీడనాన్ని చూపేదే కాదు, ఆయిల్ మట్టాన్ని చూపేది. కాబట్టి మీ ఇంజినులో ఉన్న దీపం దేనికి వెలుగుతుందో ముందుగా వర్క్‌షాపు పుస్తకంలో చూసుకోండి.

నిమిషానికి 10,000 చుట్లు అంటే సెకనుకు 167 చుట్లు. ఆయిల్ పీడనం అర సెకను పడిపోయిందంటే ఆ వ్యవధిలో క్రాంకు ఎనభైకి పైగా చుట్లు తిరిగింది. బేరింగులో లోహాన్ని లోహానికి తగలనివ్వకుండా మోసేది పంపు ఇచ్చే పీడనం కాదు, తిరుగుడు వల్ల అక్కడే పుట్టే ఆయిల్ పొర పీడనం. ఆ పొర లోపల పీడనం పంపు పీడనానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పంపు పని ఆ పొరకు ఎడతెగకుండా ఆయిల్ అందించడం. క్రాంకు వేగంగా తిరిగేటప్పుడు అపకేంద్ర బలం ఆయిల్‌ను బయటికి నెడుతుంది కనుక, మెయిన్ జర్నల్ (క్రాంకు ప్రధాన బేరింగులో కూర్చునే భాగం) నుంచి క్రాంకు లోపలికి ఆయిల్ పోవాలంటే ఆ బలాన్ని మించిన పీడనం కావాలి. అందువల్లే వేగం పెరిగినకొద్దీ అవసరమైన కనీస పీడనం కూడా పెరుగుతుంది.

ఇక సెన్సర్‌ను ఆయిల్ మార్గంలో ఏ చోట బిగించాలన్న ప్రశ్నకు వద్దాం. ఆయిల్ పంపు నుంచి బయలుదేరి, ఫిల్టరు గుండా వెళ్ళి, ఆయిల్‌ను పంచే ప్రధాన మార్గమైన మెయిన్ గ్యాలరీలోకి చేరి, అక్కడి నుంచి క్రాంకుకు, పైన వాల్వులను తెరిచే కామ్‌లకు చీలుతుంది. పీడనం ఎక్కువైతే రిలీఫ్ వాల్వు తెరుచుకుని కొంత ఆయిల్‌ను వెనక్కి వదులుతుంది. ఫిల్టరుకు ముందు కొలిస్తే, ఫిల్టరు మూసుకుపోయి బేరింగులు ఎండిపోతున్నా ముల్లు నిండుగానే చూపుతుంది. ఫిల్టరుకు, బ్లాకుకు మధ్య పెట్టే శాండ్‌విచ్ ప్లేటులో సెన్సర్ రంధ్రాలు ఉంటాయి, బిగించడం సులువు. కానీ ఆ రంధ్రం ఫిల్టరు బయటి వలయంలోకి తెరుచుకుంటే మీరు కొలిచేది ఫిల్టరుకు ముందరి పీడనమే. కావలసింది మెయిన్ గ్యాలరీ పీడనం. చాలా జపాను ఇంజిన్లలో గ్యాలరీకి ఒక మూత బోల్టు ఉంటుంది, పరీక్ష గేజి తగిలించడానికి దాన్నే వాడతారు. అది లేకపోతే దీపపు స్విచ్చు ఉన్న చోటును వాడుకోవచ్చు.

మరల విషయంలో దయచేసి తొందరపడకండి. హోండా, సుజుకీ ఇంజిన్లలో ఆ స్విచ్చుకు ఎనిమిదో వంతు అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ గొట్టపు మర ప్రమాణం) మర, కొసకు సన్నబడే రకం, ఉంటుంది. మార్కెట్లో దొరికే సెన్సర్లు చాలావరకు అదే కొలత ఎన్‌పీటీ (అమెరికా గొట్టపు మర ప్రమాణం) మరతోనో, పది మిల్లీమీటర్ల మెట్రిక్ మరతోనో వస్తాయి. బీఎస్‌పీలో అంగుళానికి 28 చుట్లు, మర పళ్ళ కోణం 55 డిగ్రీలు. ఎన్‌పీటీలో 27 చుట్లు, కోణం 60 డిగ్రీలు. ఒకదాన్ని మరొకదాంట్లో తిప్పితే మొదటి రెండు చుట్లు చక్కగా పోతాయి, అదే ప్రమాదం. ఆపైన బిగిస్తే అల్యూమినియం కేసు పగలనైనా పగులుతుంది, కారనైనా కారుతుంది. రెండు వైపులా సరైన మర ఉన్న అడాప్టరు కొనండి, లేదా లేతు పని తెలిసినవారి చేత చేయించండి. పాతరకం ఒంటితీగ సెన్సర్ వాడుతుంటే ఇంకో జాగ్రత్త ఉంది. దానికి ఎర్త్ మర గుండానే అందాలి, మర నిండా టెఫ్లాన్ టేపు చుడితే ఆ ఎర్త్ తెగిపోవచ్చు.

ఈ అడాప్టరు విషయంలోనే నాకు రెండో పాఠం అందింది. డబ్బా ఆకారంలో ఉండే బరువైన సెన్సర్‌ను ఇత్తడి అడాప్టరు చివర నేరుగా ఇంజినుకే వేలాడదీశాను. వరుసగా నాలుగు సిలిండర్లున్న ఇంజినులో క్రాంకు వేగానికి రెట్టింపు తరచుదనంతో పైకీ కిందికీ కంపనం పుడుతుంది. 10,000 చుట్ల దగ్గర అది సెకనుకు 333 సార్లు. బైకులో కంటే కారు చట్రానికి ఇంజినును ఇంకా గట్టిగా బిగిస్తాం, కనుక ఆ వణుకు ఎటూ పోదు. రెండు నెలల్లో ఇత్తడి మెడ దగ్గర వెంట్రుకవాసి పగులు వచ్చింది. కారును ట్రెయిలర్ ఎక్కిస్తున్నప్పుడు సైలెన్సర్ గొట్టాల మీద ఆయిల్ తుంపర కనబడడంతో దాన్ని పట్టుకోగలిగాను. ఆ తుంపర వేడి గొట్టం మీద ధారగా మారి ఉంటే కారు తగలబడేది. అప్పటి నుంచి పీడన సెన్సర్‌ను చట్రానికే క్లిప్పుతో బిగిస్తున్నాను. ఇంజిను నుంచి దాని దాకా లోపల టెఫ్లాన్ గొట్టం, పైన ఉక్కు తీగల అల్లిక ఉన్న సన్నని హోస్ వేస్తాను. హోస్ అర మీటరు దాటకుండా, వంపు సడలుగా ఉండేలా, సైలెన్సర్‌కు దూరంగా నడపాలి.

ఇలా దూరంగా పెట్టవచ్చా అని మీలో ఎవరికైనా సందేహం రావాలి, రావడం మంచిది. పీడనానికి ఇది చెల్లుతుంది. ఉష్ణోగ్రతకు చెల్లదు. హోస్‌లో ఆయిల్ కదలదు, నిలిచే ఉంటుంది. నిలిచిన ద్రవం పీడనాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తగ్గకుండా అందిస్తుంది, పాస్కల్ సూత్రం అదే. కానీ వేడిని అందించాలంటే ద్రవం కదలాలి. అదే హోస్ చివర ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టినవారిని నేను చూశాను. ఆయిల్ 120 డిగ్రీలు దాటినా వారి గేజి 70 దగ్గరే కూర్చుంది, ఎందుకంటే అది కొలిచింది హోస్ చుట్టూ ఉన్న గాలి వేడిని. పీడన సెన్సర్‌ను వణుకుకు దూరంగా పెట్టండి, ఉష్ణోగ్రత సెన్సర్‌ను ప్రవాహం మధ్యలో దాని మొన మునిగేలా పెట్టండి. మీ వాదనలో సగం ఈ ఒక్క తేడాతో తేలిపోతుందని నా నమ్మకం.

ఆయిల్ ఉష్ణోగ్రతను సంప్ అడుగున డ్రెయిన్ బోల్టు స్థానంలో కొలవడం అందరికీ తెలిసిన పద్ధతి. కానీ సెవెన్ తరహా కారు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది, కిందికి పొడుచుకొచ్చిన సెన్సర్ ట్రాక్ అంచు గట్టుకు తగిలితే ఆయిల్ అంతా నేలపాలవుతుంది. సంప్ పక్క గోడకు ఒక బుష్ వెల్డింగ్ చేయించి, పికప్‌కు దగ్గరగా బిగించడం మేలు. 80 డిగ్రీలు రాకముందు నేను ఇంజినును గట్టిగా తిప్పను. 90 నుంచి 110 మధ్య నిశ్చింతగా ఉంటాను. 130 కనిపిస్తే వేగం తగ్గిస్తాను. 40 గ్రేడు ఆయిల్ అంటే 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్సుల మధ్య ఉండాలి. 130కి వెళ్ళేసరికి ఆ చిక్కదనం దాదాపు సగానికి దిగుతుంది. బైకు ఇంజినులో గేర్లు, తడి క్లచ్ కూడా ఇదే ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. రెండు వందల కిలోల బైకును లాగడానికి పుట్టిన ఇంజిను, మనిషితో కలిపి ఐదారు వందల కిలోలు తూగే కారును లాగుతుంటే ఆ వేడి ఎక్కడికి పోతుందో ఆలోచించండి. ఆయిల్ కూలర్ అవసరమా కాదా అన్నది ఊహతో కాక ఈ సెన్సర్ చూపే అంకెతో నిర్ణయించుకోవాలి.

నీటి వైపు సాధారణంగా ఒక్క ఉష్ణోగ్రత సెన్సర్‌తో సరిపెడతారు. సిలిండర్ హెడ్ నుంచి నీరు బయటికొచ్చే చోట, థర్మోస్టాట్‌కు ఇంజిను వైపున పెడితే అది సరైన చోటే. కానీ దానికి ఒక గుడ్డితనం ఉంది. గొట్టం ఊడి నీరంతా పోయిందనుకోండి. అప్పుడు సెన్సర్ మొన గాలిలో వేలాడుతుంది, లోపల హెడ్ కాలిపోతున్నా అంకె పెరగకపోగా ఒక్కోసారి తగ్గుతుంది. డ్రైవరు ఇంజిను చల్లబడిందని సంతోషిస్తాడు. అందుకే నీటికి కూడా పీడన సెన్సర్ పెట్టమని నేను గట్టిగా చెబుతాను. రేడియేటర్ మూత 1.1 బార్‌దైతే (బార్ అంటే సుమారు ఒక వాతావరణ పీడనం, ఈ అంకె బయటి గాలి పీడనానికి అదనం) ఆ పీడనంలో మంచినీరు 121 డిగ్రీల చుట్టుపక్కల మరుగుతుంది. గొట్టం ఊడితే పీడనం క్షణంలో సున్నా అవుతుంది, ఉష్ణోగ్రత చెప్పలేని మాటను పీడనం వెంటనే చెబుతుంది. ఉష్ణోగ్రత మామూలుగా ఉన్నా గట్టిగా తిప్పినప్పుడల్లా నీటి పీడనం ఎగబాకుతుంటే, హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్‌కు, బ్లాకుకు మధ్య ఉండే సీలు) దాటి దహన వాయువులు నీటిలోకి చొరబడుతున్నాయని అనుమానించాలి. ఇంత చవకగా ఇంత ముందుగా గ్యాస్కెట్ సంగతి చెప్పే పరికరం నాకు మరొకటి తెలియదు.

పెట్రోలు పీడనం గురించి క్లుప్తంగా చెబుతాను. ఇంజెక్షన్ ఇంజిన్లలో అది సుమారు 3 బార్ ఉంటుంది. మలుపుల్లో ట్యాంకులో పెట్రోలు కూడా ఆయిల్‌లాగే పక్కకు పోతుంది, పంపు గాలి పీలిస్తే మిశ్రమం పలచబడుతుంది. ఇక్కడ వాడే సెన్సర్ పెట్రోలుకు తట్టుకునే రకమేనని అమ్మేవారి దగ్గర లిఖితంగా తీసుకోండి.

ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల వంతు. ఈనాటి పీడన సెన్సర్లకు మూడు తీగలుంటాయి: 5 ఓల్టులు, ఎర్త్, సిగ్నల్. 0 నుంచి 10 బార్ సెన్సర్ సున్నా దగ్గర 0.5 ఓల్టు, నిండు పీడనం దగ్గర 4.5 ఓల్టులు ఇస్తుంది. అంటే ఒక్కో బార్‌కు 0.4 ఓల్టు, 4 బార్ దగ్గర 2.1 ఓల్టులు. అడుగున అర ఓల్టు వదిలిపెట్టడంలో పెద్ద ప్రయోజనం ఉంది. తీగ తెగితే సిగ్నల్ ఆ అర ఓల్టు కంటే కిందికో, 4.5 కంటే పైకో పోతుంది కనుక, పీడనం పోయిందా తీగ పోయిందా అన్నది వెంటనే తెలుస్తుంది. నా పాత దీపానికి ఆ తెలివి ఉంటే నా క్రాంకు బతికేది. ఈ సెన్సర్ సిగ్నల్ సరఫరా ఓల్టేజికి నిష్పత్తిలో మారుతుంది. సెన్సర్‌కు ఇచ్చే 5 ఓల్టులనే మైక్రోకంట్రోలర్ కొలమానంగా కూడా వాడుకుంటే, సరఫరా 4.8కి జారినా లెక్క తప్పదు. 3.3 ఓల్టుల బోర్డు వాడేవారు 10, 20 కిలోఓమ్‌ల జంటతో సిగ్నల్‌ను మూడింట రెండు వంతులకు తగ్గించుకోవాలి, 5 ఓల్టుల సరఫరాను మరో ఛానెల్‌లో కొలుస్తూ ఉండాలి.

ఉష్ణోగ్రత సెన్సర్లు ఎక్కువగా ఎన్‌టీసీ రకం, వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గుతుంది. విస్తృతంగా వాడే ఒక బాష్ రకానికి 20 డిగ్రీల దగ్గర 2,500 ఓమ్‌లు, 100 దగ్గర సుమారు 186 ఓమ్‌లు ఉంటాయి. పైన ఒక కిలోఓమ్ రెసిస్టరు పెట్టి 5 ఓల్టులు ఇస్తే 20 డిగ్రీల దగ్గర 3.57 ఓల్టులు, 100 దగ్గర 0.78 ఓల్టు వస్తుంది. ఈ రెండు బిందువుల మధ్య గీత నిటారు కాదు, వంపు తిరిగి ఉంటుంది. కాబట్టి తయారీదారు పట్టికను ప్రోగ్రాములో పెట్టుకోండి, లేదా లాగరిథమ్ సూత్రంతో లెక్కకట్టండి. నిటారు గీతగా భావిస్తే మధ్యలో పదుల డిగ్రీల తప్పు వస్తుంది.

ఇంజిను కంప్యూటరుకు అప్పటికే ఒక నీటి ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది. ఖర్చు తగ్గుతుందని దానికే గేజి తీగ కూడా తగిలించాలనిపిస్తుంది. అలా చేయవద్దు. గేజి లోపలి నిరోధం సెన్సర్‌కు సమాంతరంగా చేరి మొత్తం నిరోధం తగ్గుతుంది, కంప్యూటరు ఇంజిను వేడిగా ఉందనుకుని చలిలో ఇవ్వవలసిన అదనపు పెట్రోలును తగ్గిస్తుంది. శీతాకాలపు ఉదయాన బ్యాటరీ అయిపోయేదాకా స్టార్టరు తిప్పి, కారణం తెలియక స్పార్క్ ప్లగ్గులన్నీ మార్చిన వారున్నారు. కంప్యూటరు సెన్సర్ కంప్యూటరుదే, మన సెన్సర్ మనకు వేరే ఉండాలి.

ఎర్త్ తీగల గురించి ఒక లెక్క చూపిస్తాను. రేడియేటర్ ఫ్యాను 10 ఆంపియర్లు లాగుతోంది, దాని ఎర్త్ తీగ నిరోధం 0.02 ఓమ్ అనుకుందాం. ఫ్యాను తిరిగినప్పుడల్లా ఆ తీగ మీద 0.2 ఓల్టు పడుతుంది. పీడన సెన్సర్ ఎర్త్‌ను కూడా అదే తీగకు కలిపితే, ఆ 0.2 ఓల్టు అర బార్ పీడనంగా కనబడుతుంది. ఫ్యాను తిరగగానే ఆయిల్ పీడనం పెరిగిందని మురిసిపోతాం. సెన్సర్ల ఎర్త్‌లన్నీ విడిగా ఒక తీగతో నేరుగా లాగర్‌కే (సెన్సర్ అంకెలు రాసుకునే పరికరానికే) చేరాలి. ఇగ్నిషన్ కాయిళ్ళ రొదను ఆపడానికి 10 కిలోఓమ్‌లు, 1 మైక్రోఫారడ్‌తో చిన్న వడపోత పెట్టండి. దాని స్పందన సెకనులో వందో వంతు కనుక మనకు కావలసిన పీడనం పాటును అది మింగేయదు.

మింగేయడం అన్న మాట కావాలనే వాడాను. ముల్లు గేజీలు వణక్కుండా ఉండాలని వాటిని మందగించేలా చేస్తారు. సెకనులో మూడో వంతు పాటు పీడనం కుప్పకూలితే ఆ ముల్లు కొంచెం వాలి మళ్ళీ లేస్తుంది. ఆ సమయంలో డ్రైవరు కళ్ళు ఎలాగూ మలుపు మీదే ఉంటాయి. సెకనుకు ఒక్కసారి సగటు రాసుకునే లాగర్ కూడా అలాగే మోసపోతుంది. ఆయిల్ పీడనాన్ని సెకనుకు కనీసం 50 సార్లు, వీలైతే 100 సార్లు రాయాలి. ఉష్ణోగ్రతలకు సెకనుకు ఒక్కసారి చాలు. దానితోపాటే ఇంజిను వేగాన్ని, పక్క త్వరణాన్ని రాయాలి. ఇంటికొచ్చాక పక్క త్వరణాన్ని అడ్డ అక్షం మీద, పీడనాన్ని నిలువు అక్షం మీద పెట్టి చుక్కలు వేయండి. సంప్ బాగుంటే చుక్కలన్నీ ఒక పట్టీలా సాగుతాయి. బాగోలేకపోతే ఒక పక్కన తోకలా కిందికి జారతాయి. ఎడమా కుడీ ఏ పక్కన జారాయో చూస్తే పికప్‌కు ఏ వైపున తడిక పెట్టాలో తెలుస్తుంది.

హెచ్చరిక దీపాన్ని కూడా ఒకే అంకె దగ్గర కట్టకూడదు. వేడెక్కిన ఇంజిను ఖాళీగా తిరిగేటప్పుడు తక్కువ పీడనం సహజమే, ఆ అంకెకు కడితే 9,000 చుట్ల దగ్గర దీపం పనికిరాదు. 9,000కు తగిన అంకెకు కడితే ప్రతి సిగ్నల్ దగ్గరా వెలుగుతుంది. నేను చేసేది ఇది. ఆయిల్ 90 నుంచి 100 డిగ్రీల మధ్య ఉండగా తిన్నని దారిలో ప్రతి వెయ్యి చుట్లకూ పీడనం ఎంతో రాసుకుంటాను. ఆ గీతకు నాలుగో వంతు దిగువన మరో గీత గీసి, దాని కిందికి వస్తే స్టీరింగ్ ఎదురుగా పెద్ద ఎర్ర దీపం వెలిగేలా కడతాను. దీపం వెలిగితే ఆలోచించకుండా క్లచ్ నొక్కాలన్నది ముందే చేసుకున్న ఒప్పందం.

బిగించిన సెన్సర్లను నమ్మేముందు పరీక్షించాలి, దానికి ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. ఉష్ణోగ్రతకు కరుగుతున్న మంచు సున్నా ఇస్తుంది, మరుగుతున్న నీరు రెండో బిందువు. అయితే హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక అక్కడ నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. విశాఖపట్నం బీచి దగ్గరైతే 100 అనుకోవచ్చు. సెన్సర్ గిన్నె అడుగును తాకకుండా వేలాడదీయండి. పీడనానికి అపార్ట్‌మెంటు మేడ మీది నీళ్ళ ట్యాంకు చాలు. 10 మీటర్ల నీటి స్తంభం 0.98 బార్. ట్యాంకు నీటిమట్టం నుంచి సెన్సర్ దాకా టేపుతో ఎత్తు కొలిచి, గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసి, ఓల్టేజి రాసుకోండి. సున్నా దగ్గర ఒకటి, ఇక్కడ ఒకటి, రెండు బిందువులు దొరికాయి. పై పీడనాలకు గేజి ఉన్న సైకిలు పంపు వాడండి.

మీ కారు గురించి ఒక మాట చెప్పి ఆపుతాను. మీ పోటీ కార్లలో ఇంజినును బైకులో ఉన్నట్టే అడ్డంగా పెట్టి, చెయినుతో వెనుక డిఫరెన్షియల్‌ను తిప్పుతారు. అంటే నా కారులోలాగా మలుపు బలం ఇంజిను ముందువెనుకల మీద పడదు, నేరుగా దాని పక్కల మీద పడుతుంది. నా ఇంజినుకు బ్రేకు వేసినంత అనుభవమైనా ఉంది. వాలుతూ తిరిగే బైకులో పుట్టిన మీ ఇంజినుకు ఈ పక్క బలం పూర్తిగా కొత్త. కంపనాన్ని తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్టు ఉన్నా ఒకే సిలిండరు కనుక కంపనం లక్షణం కూడా నా ఇంజినుకు వేరు, సెన్సర్‌ను చట్రానికే బిగించాలన్న మాట మీకూ వర్తిస్తుంది. మీరు విప్పి తెచ్చిన సంప్ బల్ల మీద ఉంది. టార్చి ఒకటి ఇవ్వండి, పికప్ మూతి ఏ పక్కకు దగ్గరగా ఉందో ముందు అందరం చూద్దాం, ఆ తరువాత మీ ప్రశ్నలు అడగండి.